లెక్క దాటితేనే భౌతికశాస్త్రం
ఎం.ఎస్‌సి. ఫిజిక్సులో పల్లె విద్యార్థులను తడబెడుతున్న గణిత పేపరు. దారి చూపినవారిలో ఆగిరిపల్లి బిడ్డ

నూజివీడు: మామిడి కోతలు ముగిసి, డిగ్రీ ఫలితాలు చేతికి వచ్చే రోజుల్లో పల్లెల్లో ఒక ప్రశ్న వినిపిస్తుంది. "మావాడు బి.ఎస్‌సి. పాసయ్యాడు, ఇక ఏం చదివించాలి?" కొందరు బి.ఇడి. అంటారు, కొందరు కంప్యూటరు కోర్సు అంటారు. లెక్కల మీద, సైన్సు మీద ఇష్టమున్న పిల్లలు మాత్రం ఎం.ఎస్‌సి. ఫిజిక్సు చదువుతామంటారు. సీటు దొరుకుతుంది. హాస్టలులో పెట్టె దించి తండ్రి ఇంటికి వస్తాడు. అసలు పరీక్ష ఆ తరువాతే మొదలవుతుంది.

మొదటి సెమిస్టరులోనే ఒక పేపరు ఎదురవుతుంది. కొన్ని యూనివర్శిటీలలో దాని పేరు మేథమెటికల్ ఫిజిక్సు, మరికొన్నింటిలో మేథమెటికల్ మెథడ్స్ ఆఫ్ ఫిజిక్సు. తెలుగులో చెప్పాలంటే భౌతికశాస్త్రానికి కావలసిన గణిత పద్ధతులు. ఇంటరు దాకా తెలుగులో చదివి, డిగ్రీలో గైడ్ల సాయంతో గట్టెక్కిన పల్లెటూరి పిల్లలు తడబడేది ఎక్కువగా ఇక్కడే. ఈ పేపరు పోతే ఒక్క పేపరు పోయినట్లు కాదు. మిగిలిన పేపర్లన్నీ దీని మీదనే నిలబడి ఉన్నాయి.

తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియదు. పిల్లవాడు సెలవులకు వచ్చి ముభావంగా ఉంటే హాస్టలు తిండి పడలేదనుకుంటారు. అసలు కారణం ఆ పేపరు కావచ్చు. ఏమిటా పేపరు, ఎందుకంత కష్టం, దాటే దారి ఏమిటి అన్నది ఇంటిల్లిపాదీ తెలుసుకోవడం మంచిది.

ఏముంటుంది ఆ పేపరులో?

యూనివర్శిటీని బట్టి కొద్దిగా మారినా, ముఖ్యమైన అధ్యాయాలు దాదాపు అన్నిచోట్లా ఒకటే. సంకీర్ణ సంఖ్యల మీద కలనగణితం, మాత్రికలు, ఐగెన్ విలువలు, ఫోరియర్, లాప్లాస్ పరివర్తనలు, పాక్షిక అవకలన సమీకరణాలు, లెజాండర్, బెస్సెల్, హెర్మైట్ ప్రమేయాలు, గ్రీన్ ప్రమేయాలు, టెన్సర్లు, సమూహ సిద్ధాంతం. పేర్లు వింటే గుండె జారుతుంది. కాని వీటి వెనకనున్న సంగతులు పల్లెకు కొత్తవి కావు. బావిలో, డప్పులో, పంపుసెట్టులో, వాకిట్లో ముగ్గులో అవన్నీ ఉన్నాయి.

బావినీళ్ల సంగతి

బావినీళ్లు వేసవిలో చల్లగా, చలికాలంలో గోరువెచ్చగా తగులుతాయని పల్లెలో తెలియనివారు లేరు. నిజానికి లోతైన బావిలో నీటి వేడి ఏడాది పొడవునా పెద్దగా మారదు. మారేది పైనున్న గాలి, మన ఒళ్లు. అయితే నేలలోకి ఎండ వేడి ఎంత లోతుకు దిగుతుంది? దీన్ని లెక్కగట్టే దారి చూపినవాడు ఫ్రాన్సు దేశపు గణితవేత్త జోసెఫ్ ఫోరియర్. వేడి పారే తీరు మీద ఆయన పుస్తకం 1822లో వెలువడింది.

ఎండ వేడి అలలాగా వస్తుంది. పగలు ఎక్కి రాత్రి దిగేది ఒక అల. వేసవిలో ఎక్కి చలికాలంలో దిగేది మరొక అల. ఈ రెంటినీ విడదీసి, దేని లెక్క దానికి కట్టి, చివర కలపాలి. అదే ఫోరియర్ పద్ధతి. మామూలు తేమ ఉన్న నేలలో రోజువారీ అల సుమారు 12 సెంటీమీటర్ల లోతుకే మూడోవంతు పైచిలుకుకు పడిపోతుంది. అంటే జానెడు లోపే. ఏడాది అల మాత్రం లోతుకు పోతుంది. ఎన్ని రెట్లంటే 365కు వర్గమూలం ఎంతో అన్ని రెట్లు, అంటే సుమారు 19 రెట్లు. 12ను 19తో గుణిస్తే 228 సెంటీమీటర్లు. రెండు మీటర్ల పైమాట.

ఇంకో విశేషం. వేడి దిగడానికి సమయం పడుతుంది. ఆ రెండు మీటర్ల చిల్లర లోతుకు ఏడాది అల చేరేసరికి సుమారు రెండు నెలల ఆలస్యం. ఏడు మీటర్ల లోతున ఆలస్యం ఆరు నెలలు. పైన మే నెల ఎండ మండుతుంటే అక్కడికి చలికాలపు చల్లదనం అప్పుడే చేరుతోందన్నమాట. అయితే అక్కడ హెచ్చుతగ్గు పైనున్నదానిలో ఇరవయ్యోవంతు కూడా ఉండదు. అందుకే బావినీళ్లు అలా నిలకడగా ఉంటాయి. పేపరులో "ఉష్ణ సమీకరణం" అనే అధ్యాయం చెప్పేది సరిగ్గా ఇదే.

డప్పుకు లేని శ్రుతి

వీణ తీగ మీటితే ఒక స్వరం స్పష్టంగా పలుకుతుంది. డప్పు కొడితే మోత వస్తుంది గాని ఇదీ శ్రుతి అని పట్టుకోలేము. కారణం లెక్కలో ఉంది. తీగ అదిరినప్పుడు అసలు స్వరంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు పౌనఃపున్యం గల స్వరాలు పుడతాయి. అవి ఒకదానితో ఒకటి పొసగుతాయి. గుండ్రటి చర్మం అదిరితే వచ్చేవి 1.59 రెట్లు, 2.14 రెట్లు, 2.30 రెట్లు. ఇవి పొసగవు. అందుకే మోత.

ఈ అంకెలు బెస్సెల్ ప్రమేయాల నుంచి వస్తాయి. బెస్సెల్ 19వ శతాబ్దపు జర్మనీ ఖగోళ శాస్త్రవేత్త. గ్రహాల కదలికల కోసం ఆయన కట్టిన లెక్క డప్పుకూ పనికివచ్చింది. ఒకచోట నేర్చిన లెక్క పదిచోట్ల అక్కరకు రావడం ఈ పేపరుకున్న గొప్ప గుణం.

మరి మృదంగానికి శ్రుతి ఎలా వచ్చింది? కుడివైపు చర్మం మీద అంటించే నల్లటి గుండ్రని పూత వల్ల. ఆ బరువు చర్మం అదిరే తీరును మార్చి, పొసగని స్వరాలను పొసిగేలా చేస్తుంది. ఈ సంగతిని సి.వి. రామన్ శివకాలీ కుమార్‌తో కలసి 1920లో ఇంగ్లండు పత్రిక 'నేచర్'లో ప్రకటించారు. మృదంగం చేసే మనవాళ్లు చేతి పనితో సాధించినదాన్ని లెక్క తరువాత వివరించింది.

పావు తిరుగుడు, మైనస్ ఒకటి

మైనస్ ఒకటికి వర్గమూలం అనగానే చాలామంది పిల్లలు, "లేని సంఖ్యను పట్టుకుని ఏం చేస్తాం?" అంటారు. ఇలా చూస్తే అది లేనిది కాదు. తూర్పుముఖంగా నిలబడిన మనిషి ఎడమకు పావు తిరిగితే ఉత్తరం. మళ్లీ పావు తిరిగితే పడమర, అంటే సరిగ్గా వెనక్కి. వెనక్కి తిరగడాన్ని మైనస్ ఒకటితో గుణించడం అనుకుంటే, పావు తిరగడం దానికి వర్గమూలం. రెండు పావులు కలిస్తే ఒక మైనస్. ఇంతే సంగతి.

దీని ఉపయోగం చేలో ఉంది. పంపుసెట్టు మోటారులో రాగి తీగ చుట్లు ఉంటాయి. చుట్లలో కరెంటు ప్రవాహం వోల్టేజీ వెనకబడి నడుస్తుంది. వెనకబడిన ఆ భాగం పని చేయదు గాని తీగలను వేడెక్కిస్తుంది. మోటారుకు కెపాసిటరు బిగించమని కరెంటు ఆఫీసువారు రైతులకు చెప్పేది ఇందుకే. కెపాసిటరులో కరెంటు ముందుకు నడుస్తుంది. ఆ ముందూ ఈ వెనకా ఒకదానికొకటి సరిపోతాయి. ఎంత కెపాసిటరు బిగించాలో ఇంజనీర్లు లెక్క వేసేది ఆ పావు తిరుగుడు సంఖ్యతోనే.

మిల్లరు కట్టిన లెక్క

పేపరులో గ్రీన్ ప్రమేయాలు అనే అధ్యాయం ఉంది. దాని పేరు వెనకనున్న జార్జి గ్రీన్ కథ పల్లె పిల్లలు తప్పక వినదగ్గది. ఆయన 1793లో ఇంగ్లండులోని నాటింగ్‌హాంలో రొట్టెలు కాల్చే వ్యాపారి ఇంట పుట్టాడు. చిన్నతనంలో బడికి వెళ్లింది ఏడాది పైచిలుకు మాత్రమే. ఆ తరువాత తండ్రి రొట్టెల కొట్టులో, గాలిమరతో నడిచే పిండిమిల్లులో పని. ఆ పని చేస్తూనే సొంతంగా గణితం చదువుకున్నాడు. 1828లో విద్యుత్తు, అయస్కాంతాల మీద ఒక వ్యాసం సొంతంగా అచ్చు వేయించాడు. చందా కట్టి దాన్ని తీసుకున్నవారు 51 మంది. నలభయ్యో ఏట కేంబ్రిడ్జి కాలేజీలో విద్యార్థిగా చేరాడు. 1841లో చనిపోయేనాటికి ఆయన గొప్ప ఎవరికీ తెలియదు. తరువాత లార్డ్ కెల్విన్‌గా పేరుపొందిన విలియం థామ్సన్ 1845లో ఆ వ్యాసాన్ని చూసి, తిరిగి అచ్చు వేయించాడు.

ఆ మిల్లరు కనిపెట్టినదాన్ని చెరువుగట్టున కూర్చుని చూడవచ్చు. చెరువులో ఒక్క రాయి వేస్తే అలలు ఎలా పరుచుకుంటాయో ముందు తెలుసుకోవాలి. అది తెలిస్తే, పది రాళ్లు పడినా, వాన కురిసినా, ఒక్కొక్క చినుకు అలను కూడుకుంటూ పోవడమే. కష్టమైన సమస్యను ఒక్క రాయి సమస్యగా విడగొట్టడం గ్రీన్ పద్ధతి. ఇవాళ అణుశాస్త్రం నుంచి భూకంపాల అధ్యయనం దాకా ఆ పద్ధతి లేనిదే పని జరగదు.

ముగ్గులో సమూహ సిద్ధాంతం

ఇక చివరి అధ్యాయం. వాకిట్లో నాలుగు పక్కలా ఒకేలా ఉండే చుక్కల ముగ్గు వేశారనుకుందాం. దాన్ని పావు తిప్పినా, సగం తిప్పినా, ముప్పావు తిప్పినా, అసలు తిప్పకపోయినా ఒకేలా ఉంటుంది. ఇవి నాలుగు. నిలువుగా, అడ్డంగా, రెండు మూలలకు మధ్యలో మడిచినట్లు తిరగేసినా ఒకేలా ఉంటుంది. ఇవి మరో నాలుగు. మొత్తం ఎనిమిది. ఈ ఎనిమిదిలో ఏ రెండింటిని వరసగా చేసినా వచ్చేది మళ్లీ ఆ ఎనిమిదిలోనే ఒకటి. ఇలాంటి కుటుంబాన్ని గణితంలో సమూహం అంటారు. ఇంకో చిత్రం. ముందు తిప్పి తరువాత మడవడం, ముందు మడిచి తరువాత తిప్పడం ఒకటి కావు. వరస మారితే ఫలితం మారుతుంది.

దీనితో అణువుల ఆనుపానులు చెప్పవచ్చు. గోబర్ గ్యాసులో ముఖ్యభాగం మీథేను. అందులో ఒక కర్బన పరమాణువు, చుట్టూ నాలుగు హైడ్రోజన్లు. మొత్తం ఐదు పరమాణువులు. అవి మూడు దిక్కుల్లో కదలగలవు గనుక 15 కదలికలు. అణువు మొత్తంగా జరగడానికి మూడు, తిరగడానికి మూడు తీసేస్తే మిగిలేవి 9 రకాల అదురులు. అయితే మీథేను ఆకారం ముగ్గు లాగా తీరైనది. దాన్ని 24 విధాల మార్చినా అలాగే ఉంటుంది. ఆ తీరు వల్ల 9 అదురుల్లో కొన్ని ఒకే పౌనఃపున్యంతో జతకడతాయి. వేరువేరు పౌనఃపున్యాలు నాలుగే మిగులుతాయి. ఆ నాలుగూ రామన్ వర్ణపటంలో కనిపిస్తాయి. పరారుణ కాంతిలో సూటిగా కనిపించేవి రెండే. ప్రయోగశాల గడప తొక్కకుండా, కాగితం మీదనే ఇంత చెప్పగల శక్తి ఆ లెక్కకు ఉంది.

ఆగిరిపల్లి నుంచి వాల్తేరుకు

ఈ లెక్కను ప్రపంచానికి అందించినవారిలో ఒకరు ఈ ప్రాంతం వాడే. డాక్టర్ సూరి భగవంతం 1909లో ఆగిరిపల్లిలో జన్మించారు. అప్పటి కృష్ణా జిల్లాలోని ఆ ఊరు 2022లో జిల్లాల విభజన తరువాత ఏలూరు జిల్లాలోకి వచ్చింది. హైదరాబాదు నిజాం కళాశాలలో డిగ్రీ ముగించి, కలకత్తాలో సి.వి. రామన్ వద్ద పరిశోధనకు చేరారు. రామన్ ప్రభావం ప్రకటితమైన 1928 రోజులవి. 1930లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడై వాల్తేరు వచ్చారు.

అక్కడ గణితవేత్త టి. వెంకటరాయుడుతో ఆయనకు జత కుదిరింది. ఒకరిది ప్రయోగం, ఒకరిది లెక్క. స్ఫటికంలో కోట్లాది పరమాణువులు ఉంటాయి. వాటి అదురులను లెక్కించడం ఎలా? ఇద్దరూ కలిసి ఒక దారి వేశారు. స్ఫటికంలో పదే పదే వచ్చే చిన్న గడిని తీసుకుని, దాన్నే ఒక పెద్ద అణువుగా భావించి, సమూహ సిద్ధాంతంతో అదురులను విడదీయడం ఆ దారి. ఈ పరిశోధన 1939లో ఇండియన్ అకాడెమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలో అచ్చయింది. ఆ పద్ధతి ఇప్పటికీ వారిద్దరి పేరుతో వ్యవహారంలో ఉంది.

సమూహ సిద్ధాంతం, భౌతిక సమస్యలకు దాని అన్వయం మీద వారిద్దరూ రాసిన ఇంగ్లీషు పుస్తకాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించింది. భగవంతం ఆ తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరుగా, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా, 1960లలో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. 1989లో కన్నుమూశారు. ఈ పక్క ఊళ్ల నుంచి వెళ్లి ఆ అధ్యాయం చదవలేక పేపరు వదిలేసే కుర్రవాడికి, ఆ అధ్యాయంలో తన ప్రాంతంవాడి చెయ్యి ఉందన్న సంగతి ఎవరైనా చెప్పాలి.

చిక్కు ఎక్కడ?

మొదటి చిక్కు సమయానిది. మొదటి సెమిస్టరులోనే యాంత్రిక శాస్త్రం, క్వాంటం శాస్త్రం వంటి పేపర్లు కూడా మొదలవుతాయి. వాటికి కావలసిన గణితం ఇంకా గణిత పేపరులో నడుస్తూనే ఉంటుంది. నారు పోసిన రోజునే నాట్లు వేయమన్నట్లు ఉంటుంది పరిస్థితి. నారు ముందే పోసుకున్నవాడు నిలబడతాడు. లేనివాడు వెనకబడతాడు.

రెండవది భాష. ఇంటరులో అవకలన సమీకరణం, మాత్రిక, సదిశ అని చదివినవారికి ఇక్కడ అంతా ఇంగ్లీషు. మాట మారిందే గాని విషయం మారలేదని గ్రహించేలోపు రెండు నెలలు గడిచిపోతాయి. డిగ్రీ వరకు పాఠ్యపుస్తకాలు తెలుగులో రావడానికి 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. పి.జి. స్థాయి భౌతిక గణితానికి తెలుగులో చదవదగ్గ పుస్తకం కోసం వెతుక్కోవలసిన పరిస్థితి ఇంకా పోలేదు.

మూడవది అలవాటు. పాత ప్రశ్నాపత్రాల నుంచి పది ప్రశ్నలు ఏరి బట్టీ పట్టే పద్ధతి డిగ్రీ దాకా చెల్లుతుంది. ఇక్కడ చెల్లదు. సమస్యలో ఒక గుర్తు మారితే బట్టీ పట్టిన జవాబు మొత్తం కుప్పకూలుతుంది.

నాలుగవది కొత్తగా వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి డిగ్రీలో మూడు సబ్జెక్టులు సమానంగా చదివే పాత పద్ధతి పోయి, ఒకే మేజరు సబ్జెక్టు, దానికి తోడు ఒక మైనరు అనే పద్ధతి వచ్చింది. ఫిజిక్సు మేజరుగా తీసుకున్న విద్యార్థి మైనరుగా గణితం తీసుకోకపోతే, ఎం.ఎస్‌సి.కి వెళ్లినప్పుడు కాళ్ల కింద నేల ఉండదు. పై సంస్థలలో కొన్ని డిగ్రీలో గణితం చదివి ఉండాలని అర్హతగానే అడుగుతాయి. డిగ్రీలో చేరే రోజునే ఈ సంగతి కాలేజీలో అడిగి తేల్చుకోవాలి. మూడేళ్ల తరువాత తెలుసుకుంటే చేయగలిగింది తక్కువ.

దాటే దారి

డిగ్రీ ఆఖరు పరీక్షకు, పి.జి. తరగతులకు మధ్య దొరికే సెలవులు వృథా పోనివ్వకూడదు. ఆ రోజుల్లో నాలుగు విషయాలు సరిచూసుకుంటే సగం గండం గడిచినట్లే. అవి సమాకలనం, సాధారణ అవకలన సమీకరణాలు, మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు. కొత్త పుస్తకం అక్కరలేదు. ఇంటరు, డిగ్రీ పుస్తకాల్లోని లెక్కలనే మళ్లీ మొదటి నుంచి చేయాలి.

తరగతులు మొదలయ్యాక రోజుకు రెండు లెక్కలు చొప్పున, పుస్తకం మూసి, సొంతంగా చేయడం మంచి పద్ధతి. చదివితే అర్థమైనట్లు అనిపిస్తుంది. చేస్తేనే అర్థమైందో లేదో తెలుస్తుంది. ఈతను గట్టున కూర్చుని నేర్చినవాడు లేడు. జవాబు వచ్చాక ఆగకుండా మూడు పరీక్షలు పెట్టుకోవాలి. కొలమానాలు సరిపోయాయా? ఒక అంకెను సున్నా చేస్తే జవాబు ముందే తెలిసిన సంగతికి వస్తోందా? బొమ్మ గీస్తే జవాబు సబబుగా ఉందా? బావి లెక్కలో లోతు సున్నా అంటే పైనేల వేడే రావాలి. రాకపోతే ఎక్కడో తప్పు దొర్లింది.

పుస్తకాల్లో అమెరికా రచయిత జార్జి ఆర్ఫ్‌కెన్ పుస్తకం పేరుపొందినది. 1966లో మొదట వచ్చింది. ఒక్కసారిగా మింగుడుపడేది కాదు. అదే ఏడాది వచ్చిన మేరీ బోయాస్ పుస్తకం మెట్టుమెట్టుగా నడిపిస్తుంది. మొదలుపెట్టేవారికి అదే మేలు. రెండూ లైబ్రరీలో అడగవచ్చు. ఐ.ఐ.టి.లు కలిసి నడుపుతున్న ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠాలు సెల్‌ఫోనులో ఉచితంగా చూడవచ్చు. ఐ.ఐ.టి. మద్రాసు ఆచార్యులు వి. బాలకృష్ణన్ భౌతిక గణితం మీద చెప్పిన పాఠాలు వాటిలో ఉన్నాయి. అవి ఇంగ్లీషులోనే ఉన్నా, బోర్డు మీద ప్రతి అడుగూ రాసి చూపడం వల్ల ఆగి ఆగి చూస్తే అనుసరించవచ్చు.

ఇద్దరు ముగ్గురు కలిసి చదవడం మరొక ఉపాయం. అర్థమైనవాడు అర్థం కానివాడికి తెలుగులో చెప్పాలి. చెప్పేటప్పుడే తనకు ఎక్కడ తెలియదో చెప్పేవాడికి బయటపడుతుంది.

చదివితే ఏమొస్తుంది?

ఇది పల్లెలో తప్పక వచ్చే ప్రశ్న. న్యాయమైనదే. రెండేళ్ల ఖర్చు పెట్టే తండ్రికి లెక్క తెలియాలి.

ఆంధ్రప్రదేశ్‌లో యూనివర్శిటీల ఎం.ఎస్‌సి. సీట్లకు పి.జి.సెట్, తెలంగాణలో సి.పి.గెట్ ఉన్నాయి. ఐ.ఐ.టి.లలో చేరాలంటే జామ్ పరీక్ష. ఎం.ఎస్‌సి. తరువాత పరిశోధనకు, కాలేజీ అధ్యాపక ఉద్యోగానికి సి.ఎస్.ఐ.ఆర్. నెట్ పరీక్ష ముఖ్యమైనది. ఫిజిక్సు నెట్ 200 మార్కులకు, మూడు గంటల్లో రాయాలి. తప్పు జవాబుకు మార్కులు కోస్తారు. ఆ సిలబస్‌లో మొదటి అధ్యాయం గణిత పద్ధతులే. గేట్‌లోనూ, జామ్‌లోనూ దానికి చోటుంది. అంటే ఒక పేపరు గట్టిగా చదివితే నాలుగు పరీక్షలకు పెట్టుబడి పెట్టినట్లు.

నెట్‌లో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ సాధించినవారికి 2023 జనవరి నుంచి అమలైన రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37 వేల రూపాయలు, తరువాత 42 వేలు లభిస్తాయి. ఇంటి అద్దె భత్యం వేరు. పరిశోధన చేస్తున్న పిల్లవాడు ఇంటికి భారం కాకుండా తన కాళ్ల మీద తాను నిలబడగలడు. ఆడపిల్లలను పై చదువుకు పంపడానికి వెనకాడే ఇళ్లలో ఈ సంగతి చెప్పుకోవలసి ఉంది.

అందరికీ ఫెలోషిప్ రాదు. అదీ నిజమే. రానివారిలో కొందరు జూనియర్ కాలేజీల్లో పాఠాలు చెబుతారు, కొందరు వేరే ఉద్యోగాలకు వెళతారు. అయితే ఈ లెక్కలు వచ్చినవారికి కంప్యూటరు రంగంలోనూ చోటు దొరుకుతుంది. మాత్రికలు, ఫోరియర్ పద్ధతి అక్కడా నిత్యం వాడుకలో ఉన్నవే. సెల్‌ఫోనులో పాట, ఫొటో చిన్నగా కుదించి పంపడానికి ఆధారం ఫోరియర్ బాటలో పుట్టిన లెక్కే.

ఇంట్లోవారు చేయగలిగింది

లెక్క చెప్పడం తల్లిదండ్రుల వల్ల కాదు. అవసరమూ లేదు. మొదటి సెమిస్టరులో మార్కులు తగ్గితే, "ఈ చదువు నీకెందుకు, వచ్చెయ్" అనకుండా ఉంటే చాలు. ఆ పేపరు మొదటి దెబ్బకు లొంగేది కాదు. చెరుకు గానుగలో రెండోసారి పెడితేనే మిగిలిన రసం వచ్చినట్లు, రెండోసారి చదివినప్పుడే అది లోపలికి దిగుతుంది.

కాలేజీలు చేయగలిగిందీ ఉంది. పి.జి. తరగతులు మొదలయ్యే ముందు రెండు వారాలు డిగ్రీ గణితాన్ని తిరగేసే తరగతులు పెడితే, ఇంగ్లీషు మాటలకు తెలుగు మాటల పట్టిక ఒకటి చేతికిస్తే, పల్లె విద్యార్థులలో చాలామంది ఒడ్డున పడతారు. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ఒక గది, ఒక బోర్డు, ఓపికగల ఒక అధ్యాపకుడు ఉంటే సరిపోతుంది.

డిగ్రీలో ఫిజిక్సు మేజరు ఎంచుకోబోయే పిల్లలున్న ఇళ్లవారు ఈ ఏడాది చేయవలసిన మొదటి పని, మైనరు గడిలో గణితం రాయించడం.